మిర్చి కల్లంలో పిడుగు భయం: కడ్డీ పెట్టిస్తే సరిపోతుందా, మనుషుల్ని ఎక్కడికి పంపాలి?

మిర్చిరైతు_పల్నాడు

అందరికీ నమస్కారం. కరెంటు పని, ఎర్తింగ్ తెలిసినవాళ్లు ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి.

మాది సత్తెనపల్లి వైపు. సొంతం మూడెకరాలు, కౌలు ఐదు, అంతా మిర్చే. కోతలు ఆఖరుకొచ్చాయి, కాయ కల్లంలో ఆరబోసి ఉంది. కల్లమంటే ఊరికి దూరంగా, కాలవ కట్ట పక్కన చదును చేసిన ఎకరం నేల. చుట్టూ కోసేసిన చేలే. ఎత్తుగా కనిపించేవి ఒక పెద్ద వేపచెట్టు, గట్టు మీద రెండు తాటిచెట్లు, మోటారు కోసం ఇనప పైపుల మీద వేసిన రేకుల షెడ్డు. అర కిలోమీటరు అవతల సెల్ టవరు ఉంది. ఆదోని వైపు నుంచి వచ్చిన కూలీలు 14 మంది, వాళ్ల పిల్లలు ముగ్గురు. నీడ ఉంటుందని వేపచెట్టు కిందే పట్టాలతో గుడారాలు వేసుకున్నారు.

పోయిన వేసవిలో పక్క చేలో చెట్టుకు కట్టేసిన గేదెలు రెండు పిడుగుకి చనిపోయాయి. నేను వెళ్లి చూశాను. చెట్టు బెరడు పైకొమ్మ దగ్గర్నుంచి వేరు దాకా జానెడు వెడల్పున ఊడిపోయి, లోపలి తెల్ల చెక్క బయటపడింది. గేదెల ఒంటి మీద మాత్రం చిన్న గాయం కూడా లేదు. అప్పటి నుంచి పడమర మబ్బు లేస్తే చాలు టెన్షన్. మబ్బు పట్టగానే మేం చేసేదేమో చేయాల్సినదానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంట్లో ఉన్నవాళ్లం కూడా కల్లానికి పరిగెడతాం, కాయ కుప్పచేసి పట్టాలు కప్పాలి కదా. తడిసిన కాయకి తాలు (రంగు పోయిన నాసి కాయ) రేటు కూడా రాదు.

వారం కింద ఒకాయన వచ్చాడు. గుండ్రటి తల ఉన్న కడ్డీ ఒకటి చూపించి, కల్లం మధ్యలో స్తంభం వేసి పెడితే చుట్టూ 100 మీటర్లు పిడుగు పడదన్నాడు. కరెంటుని నేలలోకి దింపే ఎర్త్ పిట్టుతో కలిపి లక్షా పదివేలు. నాన్న ఏమో తాటిచెట్లు ఉన్నాయి కదరా, పిడుగు వాటి మీదే పడుతుంది అంటాడు. తమ్ముడు ఫోన్లన్నీ ఆఫ్ చేస్తే చాలంటాడు. అసలు మా కల్లంలో పిడుగు పడే అవకాశం ఎంత, దాన్ని లెక్క వేయొచ్చా? ఆ కడ్డీ కొనాలా? మబ్బు పడితే ఇంతమందిని ఎక్కడికి పంపాలి?

గోదారి_గట్టు

అన్నా, మా నాయనమ్మ ఉరిమితే "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని అందరినీ అరుగు మీద నుంచి లోపలికి లాగేసేది. మంత్రం సంగతి ఎలా ఉన్నా లోపలికి లాగడం మాత్రం మంచి పనే. ఫోన్‌లో దామిని యాప్ వేసుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్లది. మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల గత 5, 10, 15 నిమిషాల్లో పడిన పిడుగుల్ని రంగులు మార్చి చూపిస్తుంది. కడ్డీ గురించి తెలిసిన పెద్దవాళ్లు చెప్పాలి.

ఎర్తింగ్_పెద్దాయన

తమ్ముడూ, ముందు ఆ లక్షా పదివేలు జేబులోనే ఉంచుకో.

నేను సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరైన మనిషిని. ఎర్తింగ్, పిడుగు కడ్డీలు రోజూ చూసిన పనే. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, ఫంక్షన్ హాలుకీ పెట్రోలు బంకుకీ నీ కల్లానికీ ఒకే కడ్డీ అమ్ముకుంటూ తిరుగుతున్నారు ఈ మధ్య. మన దేశంలో పిడుగు రక్షణకి పాటించే ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305. అందులో కడ్డీ ఎంత చోటు కాస్తుందో చూడటానికి ఒక ఊహా గోళాన్ని నేల మీద దొర్లిస్తారు. మామూలు కట్టడాలకి 45 మీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం తీసుకుందాం. అది దొర్లుకుంటూ వచ్చి కడ్డీకి ఆనుకుంటే, కింద గోళం తాకని సందు మిగులుతుంది చూడు, అదే కాపుదల. 6 మీటర్ల స్తంభానికి ఆ సందు నేల మట్టంలో సుమారు 22 మీటర్లు. నిలబడ్డ మనిషి తల ఎత్తులో చూస్తే 10 మీటర్లే. ఆ 10 మీటర్లలోనూ స్తంభం నుంచి దిగే తీగకి 3 మీటర్ల లోపల నిలబడకూడదని అదే ప్రమాణం చెబుతుంది, ఎందుకంటే పిడుగు కరెంటంతా భూమిలోకి దిగేది అక్కడే. ఆ అమ్మే ఆయన చెప్పిన 100 మీటర్లకి ఈ ప్రమాణంలో చోటు లేదు. ఆ రకం కడ్డీలకి ఫ్రాన్సులో వేరే ప్రమాణం ఉంది, అడిగితే ఆ కాగితమే చూపిస్తారు.

కడ్డీ దండగ అని కాదు. భవనానికి పెడితే గోడలు బద్దలవకుండా, నిప్పంటుకోకుండా కాస్తుంది. ఆరుబయట పనిచేసే 14 మందికి అది గొడుగు కాదు.

ఇక నువ్వడిగిన లెక్క. ఏడాదిలో ఉరుములు వినబడే రోజుల సంఖ్యలో పదో వంతు తీసుకుంటే, చదరపు కిలోమీటరుకి ఏడాదికి పడే పిడుగులు అంచనాగా వస్తాయి. మీ వైపు 40 రోజులనుకో, 4 పిడుగులు. ఒంటరిగా నిలబడ్డ ఏ వస్తువైనా తన ఎత్తుకి మూడు రెట్ల దూరం వరకు ఉన్న నేల మీద పడాల్సిన పిడుగుని తన మీదకి తీసుకుంటుందని ప్రమాణం లెక్కకడుతుంది. టవరు 40 మీటర్లుంటే చుట్టూ 120 మీటర్లు, అంటే 45 వేల చదరపు మీటర్లు. ఐదారేళ్లకి ఒక పిడుగు. 15 మీటర్ల తాటిచెట్టుకి చుట్టూ 45 మీటర్లు, ఆరువేల చిల్లర చదరపు మీటర్లు. దాదాపు 40 ఏళ్లకి ఒకటి. 6 మీటర్లు పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉన్న షెడ్డయితే 500 ఏళ్లు దాటుతుంది. నీ ఎకరం కల్లం నేలగా చూస్తే 60 ఏళ్లకి ఒకటి.

కాబట్టి మీ నాన్నగారి మాట కొంతవరకు నిజం. తాటిచెట్టు తన 45 మీటర్ల మేర పిడుగుని తీసుకుంటుంది. దాని అవతల దానికి పూచీ లేదు. అర కిలోమీటరు దూరాన ఉన్న టవరు నీకెందుకూ పనికిరాదు.

60 ఏళ్లకి ఒకటే కదా అని కుదుటపడకు. అది ఏడాది పొడుగునా పరిచిన లెక్క. పిడుగులు పడేది ఆ 40 రోజుల్లోనే, అందులోనూ ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాక ఒక గంటో రెండు గంటలో. మిగతా రోజు నలుగురు కూడా ఉండని కల్లంలోకి సరిగ్గా ఆ గంటలోనే ఇంటిల్లిపాదీ వచ్చి పడతారు. ప్రమాదం ఎప్పుడో మనుషులూ అప్పుడే. బీమా కంపెనీ వాడు వేసే లెక్కల్లో ఇది కనపడదు. మీ రిస్కంతా పట్టాలు కప్పే ఆ ఇరవై నిమిషాల్లో ఉంది, ఖర్చు పెట్టాల్సిన బుర్ర అక్కడ పెట్టాలి.

2018 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ వాళ్లే లెక్క చెప్పారు. వేసవిలో మబ్బు లేచిందంటే అలా ఉంటుంది. దేశం మొత్తం మీద 2022లో పిడుగుపాటుకి 2,887 మంది పోయినట్టు కేంద్ర ప్రభుత్వ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. వరదలకన్నా, వడదెబ్బకన్నా ఎక్కువ.

ఆ గేదెల సంగతి. పిడుగు నేరుగా నెత్తిన పడి చనిపోయేవాళ్లు తక్కువ. చెట్టు మీద పడిన కరెంటు వేళ్ల దగ్గర నేలలోకి దిగి నలుదిక్కులా పరుచుకుంటుంది. చెట్టుకి దగ్గరగా ఉన్న నేలకీ ఒక గజం అవతల ఉన్న నేలకీ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. గేదె ముందు కాళ్లు ఒక చోట, వెనక కాళ్లు నాలుగైదు అడుగుల అవతల. కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి గుండె మీదుగా రెండో జతలో దిగిపోతుంది. ఒంటి మీద గాయం ఏముంటుంది? 2016 ఆగస్టులో నార్వేలో ఒక పీఠభూమి మీద ఒకేసారి 323 రెయిన్‌డీర్‌లు (మంచు ప్రాంతాల జింకలు) ఇలాగే చనిపోయాయి. బెరడు ఊడటానికి కారణం లోపలి చెమ్మ ఒక్కసారిగా ఆవిరై పేలడం.

అందుకని ఈ రాత్రికే చేయాల్సిన పని, ఆ గుడారాలు వేపచెట్టు కింద నుంచి తీయించు. నేల కరెంటే కాదు, చెట్టు కాండం నుంచి పక్కనున్న మనిషి మీదకి పిడుగు దూకుతుంది. పగలు నీడకి అక్కడ కూర్చోనీ, మబ్బు వేళా రాత్రిపూటా వద్దు. చెట్టుకి ఎంత దూరమైతే చాలని అడుగుతావు. గుడారం ఎంత దూరం జరిపినా గుడారం గుడారమే, పిడుగుకి అడ్డు కాదు. ఉరుములున్న రాత్రి వాళ్లకి పక్కా కప్పు కింద చోటు చూపించాలి.

రేకుల షెడ్డు కూడా దాక్కునే చోటు కాదు. నాలుగు పక్కలా తెరిచి ఉంది, ఇనప పైపులకి చేయి ఆనిస్తారు, పైగా లోపల స్టార్టరుకి లైను వస్తోంది. లైను మీద ఎక్కడో పడిన పిడుగు తీగ వెంబడే వచ్చి స్టార్టరు దగ్గర తేలుతుంది. ట్రాక్టరు, బైకు, ఆటో కూడా లెక్కలోకి రావు. ఇనప కప్పు, తలుపులు ఉన్న కారుగానీ బస్సుగానీ అయితే అద్దాలు ఎత్తుకుని లోపల ముడుచుకుని కూర్చుంటే మంచిదే. కరెంటు పై రేకు మీదుగా జారి కిందకి పోతుంది. టైర్ల రబ్బరు వల్ల కాదు సుమా.

ఇక టైము. మెరుపు కనపడగానే లెక్కపెట్టు, ఉరుము వినబడటానికి ప్రతి మూడు సెకండ్లకి ఒక కిలోమీటరు. 30 సెకండ్ల లోపు వినబడితే పిడుగు 10 కిలోమీటర్లలో ఉంది, తర్వాతది నీ కల్లంలోనే పడొచ్చు. వాన ఇంకా రాలేదు కదా అనుకుంటారు చాలామంది. వాన పడే చోటుకి పది కిలోమీటర్ల దూరంలో కూడా పిడుగు పడొచ్చు, నెత్తిన ఎండ కాస్తున్నా సరే. కాబట్టి 30 సెకండ్ల ఉరుము వినబడ్డాక పట్టాలు కప్పడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. అప్పటికి మనుషులు కప్పు కిందకి చేరి ఉండాలి. దామినిలో 40 కిలోమీటర్ల వలయంలోకి చుక్కలు రావడం మొదలైనప్పుడే కప్పడం మొదలుపెట్టాలి. మధ్యాహ్నం రెండింటికే కాయని పొడవాటి కుప్పలుగా చేసి, ఒక అంచున పట్టా పరిచి ఉంచుకుంటే, కప్పే పని ఇరవై నిమిషాల నుంచి ఐదుకి దిగుతుంది. వానొచ్చి వెలిశాక ఇంకో తొందర ఉంటుంది మిర్చి రైతులకి. పట్టా కింద కాయ ఉక్కిపోయి రంగు మారుతుందని వెంటనే తీయడానికి పోతారు. ఆఖరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు ఆగు. తేలిపోతున్న మబ్బు నుంచి కూడా పడతాయి.

మీ కల్లానికి దగ్గర్లో స్లాబు వేసిన కట్టడం ఏముంది, ఎంత దూరం, పిల్లలతో నడిస్తే ఎన్ని నిమిషాలు? అది చెప్పు.

నల్గొండ_పిల్లోడు

సార్, ఫోన్ సంగతి చెప్పలేదు. మా ఊళ్లో ఫోన్ మాట్లాడుతుంటేనే పిడుగు పడి ఒకతను చనిపోయాడని అందరూ అంటున్నారు. పేపర్లో కూడా రాశారు. గొర్లు కాసేటోళ్లు రబ్బరు చెప్పులు వేసుకుంటే ఏమన్నా ఫాయిదా ఉంటదా?

ఎర్తింగ్_పెద్దాయన

ఫోన్ పిడుగుని పిలవదు నాయనా. ఆయన ఆరుబయట నిలబడి ఉన్నాడు, అదీ కారణం. ఈ రోజుల్లో ఎవరి చేతిలో ఫోన్ లేదు? ఫోన్ ఆఫ్ చేస్తే హెచ్చరిక మెసేజి రాదు, 108కి చేయడానికి ఉండదు. గోడకి ప్లగ్గు పెట్టి ఛార్జింగులో ఉన్న ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ భయం తీగ వల్ల. చెప్పుల మాటకొస్తే, మబ్బు నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చినది అంగుళం రబ్బరు దగ్గర ఆగుతుందా?

గొర్రెలు కాసేవాళ్లకి నిజంగా కష్టమే, వాళ్లకి దగ్గర్లో కప్పు ఉండదు. గుట్ట మీద ఉంటే దిగాలి, ఒంటి చెట్టుని వదలాలి, కంచె తీగకి దూరం జరగాలి, మందకి కాస్త ఎడంగా ఉండాలి. నలుగురుంటే గుంపుగా నిలబడకుండా విడివిడిగా ఉండాలి, ఒకరికి తగిలితే ఇంకొకరు చూడగలిగేట్టు. ఏమీ దారి లేక, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే, రెండు పాదాలూ దగ్గర చేర్చి గొంతుక్కూర్చోవాలి. పాదాలు కలపడం ఎందుకో గేదె సంగతి చదివితే తెలుస్తుంది. పడుకోవద్దు. ఇది గతిలేనప్పటి పనే, దీన్ని నమ్ముకుని పనికి పోకండి.

అంబులెన్స్_అక్క

నేను 108లో టెక్నీషియన్‌ని. పెద్దాయన చెప్పనిది ఒక్కటి చెప్తాను, ఎందుకంటే మేం వెళ్లేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకి షాకు కొట్టదు. ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. జనం మాత్రం పది అడుగుల దూరంలో గుంపుగా నిలబడి చూస్తుంటారు. ఒకేసారి నలుగురైదుగురికి తగిలితే మూలుగుతున్నవాళ్ల దగ్గరికి ముందు పోకండి. మూలుగుతున్నారంటే గుండె ఆడుతోంది. కదలకుండా పడి ఉన్నవాళ్ల దగ్గరికి ముందు పోవాలి. మామూలు ప్రమాదాల్లో మేం దీనికి తలకిందులుగా చేస్తాం, పిడుగుకి మాత్రం ఇదే పద్ధతి. పిడుగుకి గుండె ఆగినా, తిరిగి మొదలయ్యే అవకాశం బాగా ఉంటుంది. ఊపిరి తిరిగి అందుకోవడమే ఆలస్యమవుతుంది. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్లు లోపలికి పోయేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. మేం వచ్చేదాకా ఆపొద్దు, మనిషి మారుతూ నొక్కండి. కళ్లు తేలేశాడు, నల్లగుడ్డు పెద్దదైంది, ఇంక లేడు అని వదిలేయకండి. పిడుగు కేసుల్లో ఆ గుర్తుని నమ్మడానికి లేదు.

బతికి ఉన్నవాళ్లలో కాళ్లు చల్లబడి, నీలంగా మారి, కదలవు. చూసి పక్షవాతం అనుకుంటారు. చాలామందికి కొన్ని గంటల్లో తిరిగొస్తుంది. పిలిస్తే పలకకపోతే చెవి కర్ణభేరి పగిలి ఉండొచ్చు, వాళ్లకి వినబడదు, ముందుకెళ్లి చేయి పట్టుకుని సైగ చేయండి. ఒక అమ్మాయి భుజం మీద ఫెర్న్ ఆకు అచ్చు వేసినట్టు ఎర్రటి గీతలు చూశాను, మర్నాటికి మాసిపోయాయి. బాగానే ఉన్నాను అని లేచి నడిచినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి. పేడలోనో మట్టిలోనో కప్పడం లాంటివి మాత్రం చేయనివ్వకండి. గుండె నొక్కాల్సిన నిమిషాలు అక్కడే అయిపోతాయి.

మిర్చిరైతు_పల్నాడు

పెద్దాయన గారూ, అక్కా, చాలా థాంక్స్. గుడారాలు తీయించాను. మొదట ఒప్పుకోలేదు, ఎండకి పిల్లలు ఎక్కడ ఉంటారు అన్నారు. బెరడు ఊడిన ఆ చెట్టు దగ్గరికి మేస్త్రిని తీసుకెళ్లి చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు.

కప్పు సంగతి. కల్లం నుంచి డొంక దారిన ప్రైమరీ స్కూలు ఉంది, స్లాబు వేసిన రెండు గదులు. పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్తే పది నిమిషాలు పడుతుంది. ఊళ్లోకి అయితే పాతిక నిమిషాలు. మా దగ్గర బస్తాలు తోలే బొలేరో ఉంది, క్యాబిన్‌లో నలుగురు పడతారు, వెనక అంతా ఓపెన్.

నాకు ఇంకో డౌటు. ఇంట్లో టీవీ, ఫ్రిజ్, స్టార్టరు వీటికి ఏం చేయాలి? ఆ కడ్డీ ఆయన ఇంటికి కూడా ఒకటి అంటున్నాడు.

ఎర్తింగ్_పెద్దాయన

ఊరి మధ్యలో ఇల్లు, పక్కన అంతే ఎత్తు ఇళ్లు ఉంటే ప్రమాదం సగానికి తగ్గించి లెక్కకట్టమంటుంది ప్రమాణం. రెండంతస్తుల ఇంటికి కూడా వందేళ్లకి పైనే వస్తుంది. కడ్డీ అక్కర్లేదు. టీవీలు పోయేది లైను వెంట వచ్చే సర్జ్ వల్ల, అంటే ఒక్కసారిగా ఎగదన్నే వోల్టేజీ వల్ల. మెయిన్ బోర్డు దగ్గర సర్జ్ ప్రొటెక్టరు పెట్టించు, అదీ సరైన ఎర్తింగ్ ఉంటేనే పనిచేస్తుంది. ఎర్త్ రాడ్డు వేసి ఎన్నేళ్లయిందో, తీగ తుప్పు పట్టిందేమో ముందు చూడమను. బోర్డులో ఓవర్‌లోడుకి ట్రిప్పయ్యే ఎంసీబీ, కరెంటు లీకైతే ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ ఉన్నాయి కదా అంటారు, అవి దీనికి కావు. వీటన్నిటికన్నా చవక పని, ఉరుము వినబడక ముందే ప్లగ్గులు, కేబుల్ తీగ పీకేయడం. ఉరిమాక పీకడానికి వెళ్లకు. స్టార్టరుకీ అంతే, ముందే ఫ్యూజులు తీసి వచ్చేయి.

పది నిమిషాల నడక అంటే, కప్పే పని ఐదు నిమిషాలైనా కలిపి పావుగంట. పిల్లల్నీ పెద్దవయసు వాళ్లనీ కప్పడానికి ఉంచకు, 40 కిలోమీటర్ల చుక్క కనపడగానే వాళ్లని ముందు పంపించేయి. బొలేరో ట్రాలీలో జనాన్ని ఎక్కించి తోలొద్దు, ఆరుబయట ఎత్తున నిలబెట్టినట్టు. స్కూలు గదిలోకి వెళ్లాక కిటికీ ఊచలకీ గోడకీ ఆనుకోకుండా మధ్యలో కూర్చోమను.

ఒకటి చూసుకో. ఏప్రిల్ ఆఖరుకి సెలవులిస్తారు, గదులకి తాళాలు పడతాయి. వరండా చాలదు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?

మిర్చిరైతు_పల్నాడు

మంచి మాట గుర్తు చేశారు సార్. హెడ్‌మాస్టరు గారు సెలవుల్లో వాళ్ల ఊరు వెళ్తారు. ఇవాళ కలిసి అడిగాను. ఒక గది తాళం చెవి మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర పెట్టి వెళ్తానన్నారు, ఆవిడ ఇల్లు స్కూలు వెనకే. గది ఊడ్చి ఇవ్వాలని, బీడీలు కాల్చకూడదని చెప్పారు. మేస్త్రికి ఆవిడ ఇల్లు చూపించి వచ్చాను. కడ్డీ ఆయన ఫోన్ చేస్తే వద్దని చెప్పేశాను, రేటు 80 వేలకి దిగాడు.